ఉత్తర కొరియా రాజకీయ శిబిరం నుంచి సియోల్ దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర కొరియా శిబిరాల మాట ఎక్కడ వచ్చినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కంచె దూకిన కథకున్న గిరాకీ, దూకినవాడు ఆ తర్వాత ఏమయ్యాడన్న దానికి లేదు. చాలామందికి ఎక్కువ ఏళ్ళు తినేది ఆ తర్వాతి భాగమే. అందుకే దశలవారీగా విడగొట్టి ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## ఏ జైలు గురించి మాట్లాడుతున్నాం

క్వాన్‌లిసో (రాజకీయ ఖైదీల శిబిరం) అంటే మామూలు జైలే కదా? పేరొక్కటే వేరా?

కాదు. క్యోహ్వాసో అనేది కోర్టు శిక్ష వేశాక పంపే జైలు. ఎంత ఘోరంగా ఉన్నా దానికి గడువంటూ ఉంటుంది. క్వాన్‌లిసోకు విచారణ ఉండదు, తీర్పు ఉండదు, గడువు ఉండదు. రాత్రి వేళ రహస్య పోలీసులు (అక్కడి జనం నోట ‘బోవిబు’) ఇంటికొచ్చి ఎక్కించుకుపోతారు. ఎక్కడికి తీసుకెళ్ళారో బంధువులకు చెప్పరు. ఈ రెండూ కాక, చైనా నుంచి వెనక్కి పంపినవాళ్ళను కొన్నాళ్ళు ఉంచే జిప్‌క్యోల్సో, నెలల లెక్కన పని చేయించే ‘శ్రమ శిక్షణ’ కేంద్రాలు వేరే ఉన్నాయి. తెలుగు వార్తల్లో నాలుగింటినీ కలిపి ‘జైలు’ అనేస్తారు. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

ఇలాంటి శిబిరాలు ఎన్ని ఉన్నాయి? లోపల ఎంతమంది?

ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2014 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక అంచనా 80,000 నుంచి 1,20,000 మంది. ఆ సంఘానికి అధ్యక్షుడు ఆస్ట్రేలియా మాజీ న్యాయమూర్తి మైకేల్ కిర్బీ. ఎక్కువగా వినిపించే పేర్లు కెచొన్‌లోని 14వ నంబరు, యోడొక్‌లోని 15, హ్వాసోంగ్‌లోని 16, పుక్‌చాంగ్‌లోని 18, చొంగ్‌జిన్‌లోని 25. హ్వేర్యోంగ్‌లోని 22వ నంబరు 2012లో మూతపడింది. హ్వాసోంగ్ శిబిరం విస్తీర్ణం సుమారు 560 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్‌ఎంసీ పరిధికి కాస్త తక్కువ. నాలుగు గోడల మధ్య గదులు అనుకుంటే పొరపాటు. కొండలు, గనులు, పొలాలు, పల్లెలు ఉన్న మొత్తం లోయను కంచె వేసి మూసేశారు. అందుకే ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభుత్వం మాత్రం అలాంటివి లేనే లేవంటుంది.

తాత తప్పు చేస్తే మనవణ్ణి కూడా పట్టుకుపోతారట, నిజమేనా?

నిజం. దీన్ని యోన్‌జ్వాజె అంటారు, తప్పు అంటుకుంటుందన్న లెక్క. మూడు తరాల దాకా వర్తింపజేసిన సందర్భాలు ఉన్నాయి. కాంగ్ చోల్‌హ్వాన్‌ను 1977లో యోడొక్‌కు తీసుకెళ్ళినప్పుడు అతనికి 9 ఏళ్ళు. నేరం మోపింది తాతమీద. ఆ కుటుంబం జపాన్ నుంచి తిరిగొచ్చిన కొరియన్లది. 1959 నుంచి 1984 వరకు అలా జపాన్ నుంచి ఉత్తర కొరియాకు వెళ్ళినవాళ్ళు సుమారు 93,000 మంది, వాళ్ళలో చాలామందిని అనుమానంతోనే చూశారు. కిమ్ హ్యేసూక్ 13 ఏళ్ళ వయసులో 18వ శిబిరంలో అడుగుపెట్టి 28 ఏళ్ళు గడిపింది. ఎందుకు ఉంచారో లోపల ఉన్నంతకాలం ఆమెకు తెలియదు.

## లోపల బతకడం

ఏం పెడతారు? ఆ తిండితో మనిషి ఎలా బతుకుతాడు?

మొక్కజొన్న, ఉప్పు, క్యాబేజీ ఆకుల నీళ్ళ చారు. పనిలో లక్ష్యం పూర్తి చేయకపోతే అందులోనూ కోత. ఆకలి ఎంత చంపుతుందో, ఒకే గింజ మీద బతకడమూ అంత చంపుతుంది. మొక్కజొన్నలో నయాసిన్ (విటమిన్ బి3) ఉన్నా ఒంటికి పట్టే రూపంలో ఉండదు. మెక్సికోలో తరతరాలుగా సున్నపు నీళ్ళలో ఉడికించి తింటారు కాబట్టి అక్కడ చిక్కు రాలేదు. శిబిరంలో ఆ దారి లేదు, అందుకే పెల్లాగ్రా వస్తుంది. ముందు ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ హారంలా, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు ఊడుతుంది. తర్వాత విరేచనాలు, ఆ తర్వాత మతి తప్పడం, చివరికి చావు. ఈ జబ్బు మనకు పరాయిది కాదు. దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లో ఇదే కనిపించింది. హైదరాబాద్‌లో ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు మూలమైన ప్రయోగశాలలో సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో దీని కారణాలే వెతికింది.

ఎలుక, కప్ప, పాము, మిడత ఏది దొరికినా తిన్నామని బయటపడినవాళ్ళు చెప్పేది వినేవాళ్ళకు వెగటుగా ఉంటుంది. కానీ ఆ కాస్త మాంసంలోనే నయాసిన్, ఒంట్లో నయాసిన్‌గా మారే ట్రిప్టోఫాన్ ఉంటాయి. ఎలుక మాంసం తిన్నాక చర్మం తేరుకుందన్న వాంగ్మూలాలకు వైద్యపరమైన ఆధారం అదే. ఎలుక పట్టడం తెలిసిన పిల్లవాడున్న ఇల్లు, తెలియని ఇంటికన్నా మెరుగ్గా నిలిచేది. పట్టుబడితే మాత్రం దెబ్బలు తప్పవు, ఎందుకంటే లోపల దొరికేదంతా శిబిరం ఆస్తి.

అంతమంది ఉండి ఒక్కసారిగా తిరగబడరెందుకు?

ఒకరి తప్పుకు జట్టు మొత్తానికి శిక్ష పడుతుంది కాబట్టి. పని జట్టులో ఒకడు తగ్గితే అందరి తిండి తగ్గుతుంది. పక్కవాణ్ణి పట్టిస్తే గరిటెడు ఎక్కువ తిండి, తేలికపాటి పని దొరుకుతాయి. దాంతో కాపలావాడికన్నా తోటి ఖైదీకే ఎక్కువ భయపడాల్సి వస్తుంది. ఆపైన రాత్రి పూట ఆత్మవిమర్శ సమావేశాలు: తన తప్పు చెప్పాలి, ఇంకొకరిదీ చెప్పాలి. పారిపోబోయి దొరికినవాణ్ణి అందరి ముందు కాల్చడమో ఉరి తీయడమో చేస్తారు, చూడటం తప్పనిసరి.

విడుదల అనేదే ఉండదా?

కొన్నిచోట్ల ఉండేది. యోడొక్‌లో రెండు భాగాలు: జీవితాంతం ఉంచే ‘సంపూర్ణ నియంత్రణ’ ప్రాంతం, కొన్నేళ్ళ తర్వాత వదిలే అవకాశమున్న ‘విప్లవీకరణ’ ప్రాంతం. శిబిరాల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఈ రెండో చోటు నుంచి వదిలేస్తే, తర్వాత దేశం దాటినవాళ్ళు చెప్పిందే. వదిలేటప్పుడు లోపలి సంగతి ఎక్కడా చెప్పనని సంతకం తీసుకుంటారు. బయట కూడా ఆ మచ్చ పోదు, ఉద్యోగంలో, పెళ్ళిలో అడ్డు వస్తూనే ఉంటుంది.

## దాటడం

కంచె దాటి పారిపోయినవాళ్ళు వందల్లో ఉంటారా?

వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ‘శిబిరం నుంచి తప్పించుకున్న’ అని పరిచయం చేసేవాళ్ళలో అత్యధికులు విడుదలైనవాళ్ళు, లేదా క్యోహ్వాసోలో శిక్ష పూర్తి చేసుకున్నవాళ్ళు. మాజీ కాపలాదారులు, డ్రైవర్లు కూడా సాక్ష్యమిచ్చారు. 22వ శిబిరంలో పనిచేసి 1994లో దేశం దాటిన ఆన్ మ్యోంగ్‌చోల్ అలాంటివాడే. ఇందువల్ల వాళ్ళ బాధ తగ్గిపోదు. కాకపోతే ఎవరు ఏ చోట ఉన్నారో తెలియకుండా వాళ్ళు చెప్పినదాన్ని బేరీజు వేయలేం.

దక్షిణ కొరియా పక్కనే ఉందిగా, చైనా చుట్టూ తిరగడమెందుకు?

రెండు కొరియాల మధ్య సుమారు 4 కిలోమీటర్ల వెడల్పున మందుపాతరలు, కంచెలు, రెండు సైన్యాలు ఉన్నాయి. అటు నుంచి వచ్చేది ఎక్కువగా అక్కడే కాపలా ఉన్న సైనికులు, ఏడాదికి ఒకరో ఇద్దరో.

చైనా సరిహద్దులోని టుమెన్ నది మోకాలి లోతేనట, దాటడం అంత తేలికా?

ఎగువన కొన్నిచోట్ల వెడల్పు పదుల మీటర్లే, చలికాలంలో గడ్డకడితే నడిచే పోవచ్చు. నీళ్ళకన్నా గట్టే ప్రమాదం. మంచు మీద అడుగుజాడ చెరిగిపోదు, పొద్దున గస్తీవాడు దాన్ని పట్టుకునే వస్తాడు. నది ఇంకా గడ్డకట్టని చలిరోజుల్లో దాటితే తడిబట్టలతో అవతలి గట్టు ఎక్కాలి. తడిసిన పాదానికి చలిగాలి తగిలితే వేళ్ళు పోయే ప్రమాదముంది. అందుకే బట్టలు విప్పి మూటకట్టి నెత్తిన పెట్టుకుని దాటేవాళ్ళు. ఒకప్పుడు కాపలా సైనికుడికి లంచమిచ్చి దాటడం మామూలు. 2020 ఆగస్టులో సరిహద్దుకు 1–2 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా కనిపిస్తే కాల్చమన్న ఆదేశం వచ్చింది, కంచెలూ రెట్టింపయ్యాయి. పాత కథల్లోని లెక్కలు ఇప్పటికి పనికిరావు.

చైనాలో దొరికిపోతే ఏం చేస్తారు?

వెనక్కి అప్పగిస్తారు. అక్కడ బోవిబు అడిగే మొదటి ప్రశ్నలు: దక్షిణ కొరియావాళ్ళను కలిశావా? చర్చికి వెళ్ళావా? దక్షిణానికి పోదామనుకున్నావా? ‘తిండి కోసం వెళ్ళాను’ అన్నది నిలబడితే శ్రమ శిక్షణో, క్యోహ్వాసోనో. మిగతా వాటిలో ఏది రుజువైనా క్వాన్‌లిసో. చైనా మగవాళ్ళ వల్ల గర్భవతులైన స్త్రీలకు బలవంతంగా గర్భస్రావం చేయించిన ఉదంతాలు 2014 నివేదికలో నమోదయ్యాయి. 2023 అక్టోబరులో ఒకేసారి వందలమందిని చైనా అప్పగించిందన్న వార్తలు ప్రపంచమంతా వచ్చాయి.

చైనా శరణార్థుల ఒప్పందంలో చేరింది కదా? మరి ఎలా పంపిస్తారు?

1951 ఒప్పందంలో చైనా 1982లో చేరింది. ప్రాణహాని ఉన్నచోటికి పంపకూడదని దాని 33వ అధికరణం చెబుతుంది. చైనా వాదన ఏమిటంటే, వీళ్ళు శరణార్థులు కారు, పొట్టకూటి కోసం దొంగతనంగా వచ్చినవాళ్ళు. పైగా ఉత్తర కొరియాతో 1986లో చేసుకున్న సరిహద్దు ఒప్పందం ప్రకారం అప్పగించాలంటుంది. బయలుదేరినప్పటి కారణం ఆకలే అయినా, తిరిగి వెళ్తే హింస తప్పదు కాబట్టి వాళ్ళు శరణార్థులే అవుతారన్నది న్యాయనిపుణుల జవాబు. మాకూ అదే సబబనిపిస్తుంది.

చైనా నుంచి థాయ్‌లాండ్ దాకా ఎలా చేరతారు?

ఈశాన్యాన యాన్‌బియన్ నుంచి నైరుతి మూలనున్న కూన్మింగ్ వరకు దేశం మొత్తాన్ని అడ్డంగా దాటాలి. రైలు టికెట్‌కు గుర్తింపు కార్డు కావాలి, స్టేషన్లలో ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలున్నాయి. కాబట్టి ప్రైవేటు కార్లు మార్చుకుంటూ పోతారు. కూన్మింగ్ దాటాక కొండల మీదుగా రాత్రిపూట లావోస్, అక్కడి నుంచి చిన్న పడవలో మెకాంగ్ దాటితే థాయ్‌లాండ్‌లోని చియాంగ్ రాయ్ రాష్ట్రం.

ఇక్కడ తంతు తారుమారవుతుంది. అప్పటిదాకా పోలీసుకు దొరక్కుండా తిరిగినవాళ్ళు, ఇక్కడ తామే పోలీస్ స్టేషన్ వెతుక్కుంటూ పోతారు. థాయ్‌లాండ్ 1951 ఒప్పందంలో లేదు, అయినా ఉత్తర కొరియన్లను వెనక్కి పంపదు. అక్రమ ప్రవేశం కింద జరిమానా వేసి, కట్టలేకపోతే కొన్ని రోజులు జైల్లో పెట్టి, బ్యాంకాక్ వలస నిర్బంధ కేంద్రానికి పంపుతుంది. అక్కడి నుంచి సియోల్ విమానం. లావోస్‌లో మాత్రం పట్టుబడకూడదు. 2013 మేలో తొమ్మిది మంది కుర్రవాళ్ళను ఆ దేశం అప్పగించేసింది. మంగోలియా మీదుగా గోబీ ఎడారి దారి 2000ల్లో నడిచింది, ఇప్పుడు దాదాపు లేదు.

బ్రోకర్‌కు ఎంత ఇస్తారు? చేతిలో పైసా లేనివాళ్ళకు అంత డబ్బెక్కడిది?

ముందే సియోల్ చేరిన బంధువు కడతాడు, లేదా ఓ చర్చో సహాయ సంస్థో కడుతుంది. ఏదీ లేకపోతే అప్పు: చేరాక వచ్చే ప్రభుత్వ సొమ్ములోంచి తీరుస్తానన్న రాతమీద తీసుకొస్తారు. 2020 తర్వాత రేట్లు ఎన్నో రెట్లు పెరిగాయి. ఆడవాళ్ళ విషయంలో ఇంకో ఘోరం ఉంది. ‘పని ఇప్పిస్తా’ అని నది దాటించినవాడే ఈశాన్య చైనాలోని జీలిన్, హెయిలాంగ్‌జియాంగ్ పల్లెల్లో పెళ్ళికాని రైతులకు అమ్మేస్తాడు. దక్షిణ కొరియా చేరినవాళ్ళలో సుమారు 72 శాతం స్త్రీలే కావడం వెనుక ఈ సంగతి కూడా ఉంది.

ఇప్పటికీ వస్తూనే ఉన్నారా?

బాగా తగ్గింది. 2009లో 2,914 మంది వచ్చారు, అదే గరిష్ఠం. 2019లో 1,047. సరిహద్దు మూశాక 2021లో 63, 2022లో 67. 2023లో 196, 2024లో 236. వీళ్ళలోనూ చాలామంది చైనాలో ఏళ్ళ తరబడి దాక్కున్నవాళ్ళే. మొత్తం కలిపి దక్షిణ కొరియా చేరినవాళ్ళు 34,000 పైచిలుకు.

## చేరాక మొదటి నెలలు

ఆకలితో చిక్కిపోయినవాళ్ళకు కడుపునిండా పెట్టకూడదంటారు, ఎందుకు?

పెడితే చనిపోవచ్చు. చాలాకాలం తిండి లేని ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం వెళ్తే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలను కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు బలహీనపడతాయి. వైద్యులు వాడే లెక్క: రోజుకు కిలో బరువుకు 10 కిలో కేలరీలకు మించకుండా మొదలుపెట్టి 4 నుంచి 7 రోజుల్లో మెల్లగా పెంచడం. మరీ చిక్కినవాళ్ళకు 5తోనే మొదలు. 40 కిలోల మనిషికి మొదటి రోజు 400 కిలో కేలరీలు, అంటే రోజు మొత్తానికి 100 గ్రాముల బియ్యం కన్నా కాస్త ఎక్కువ. దాన్ని జావగా కాచి ఐదారు సార్లు పంచి ఇవ్వాలి. మొదటి ముద్ద కన్నా ముందు థయామిన్ (విటమిన్ బి1) పడాలి, రోజుకు 200–300 మిల్లీగ్రాములు. రక్త పరీక్షలు రోజూ చేయాలి. ఇది ఆసుపత్రిలో జరగాల్సిన పని. పాపం అని జాలిపడి పళ్ళెం నింపడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

సియోల్‌లో దిగగానే పౌరసత్వం ఇచ్చేస్తారా?

చట్టం దృష్టిలో వాళ్ళు ముందునుంచే పౌరులు. దక్షిణ కొరియా రాజ్యాంగం 3వ అధికరణం ద్వీపకల్పం మొత్తాన్నీ తన భూభాగం అంటుంది. అయితే ముందు గూఢచారి సంస్థ నడిపే కేంద్రంలో విచారణ ఉంటుంది. గూఢచారులెవరైనా ఉన్నారా, ఉత్తర కొరియన్లమని చెప్పుకునే చైనా కొరియన్లు కలిశారా అని చూస్తారు. ఊరి పటం గీయమంటారు, బడి పేరు, పొరుగువాళ్ళ పేర్లు అడుగుతారు. తిప్పి తిప్పి అడిగేసరికి, చెరసాల చూసొచ్చినవాళ్ళకు అది మళ్ళీ అదే గదిలా అనిపించడం సహజం. తేదీలు గుర్తులేకపోతే ఊహించి చెప్పకుండా ‘గుర్తులేదు’ అనడమే మేలు. ఊహించి చెప్పినది రెండోసారి మారుతుంది, అనుమానం అక్కడ మొదలవుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకు ప్రభుత్వం నడిపే శిక్షణ కేంద్రం హనావోన్‌లో ఏం నేర్పుతారు?

12 వారాల శిక్షణ. 1999 జులైలో ఆన్‌సోంగ్‌లో మొదలైంది, 2012లో హ్వాచోన్‌లో రెండోది వచ్చింది. ఏటీఎం, మెట్రో కార్డు, మార్కెట్లో ధర చూసి కొనడం, ఉద్యోగ దరఖాస్తు, ఓటు. క్షయ, కాలేయ, పళ్ళ వైద్యం కూడా అక్కడే. పళ్ళ కోసమే ఎక్కువమంది వరుస కడతారు. మూడు నెలల్లో దశాబ్దాల తేడా పూడదని నేర్పేవాళ్ళకూ తెలుసు.

ఒక చిన్న కాగితం తప్పు ఎంత దూరం పోతుందో చూడండి. మొదట్లో అందరికీ హనావోన్ ఉన్న ఊరి సంకేతంతోనే నివాస నంబరు (ప్రతి పౌరుడికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చారు. రెండో భాగం మగవాళ్ళకు 125తో, ఆడవాళ్ళకు 225తో మొదలయ్యేది. నంబరు చూస్తేనే ఎక్కడి మనిషో తెలిసిపోయేది. చైనా వీసా నిరాకరించేది, ఆ ఊళ్ళోనే పుట్టిపెరిగిన దక్షిణ కొరియన్లకు కూడా. తర్వాత నంబరు మార్చుకునే వీలు కల్పించారు.

## మళ్ళీ బతుకు కట్టుకోవడం

ప్రభుత్వం ఎంత డబ్బిస్తుంది? దానితో బతకొచ్చా?

2024లో ఒంటరి మనిషికి ప్రాథమిక మొత్తం 1 కోటి వాన్, మన లెక్కలో సుమారు 6 లక్షల రూపాయలు. ప్రభుత్వ అద్దె ఫ్లాటు ఇస్తారు, దాని డిపాజిట్ సాయం వేరు. నెల అద్దె, కరెంటు వాళ్ళే కట్టుకోవాలి. ఉద్యోగంలో నిలిస్తే ప్రోత్సాహకం, చదువుకు ఫీజు సాయం ఉన్నాయి. ప్రాథమిక మొత్తాన్ని ఒకేసారి చేతిలో పెట్టరు, ఎందుకంటే అలా పెట్టినప్పుడు గుమ్మం ముందే బ్రోకర్ నిలబడేవాడు.

రక్షణ గడువు ఐదేళ్ళు. ఆ తర్వాత మామూలు సంక్షేమ పథకాల్లో దరఖాస్తు పెట్టుకోవాలి, అడగనివాళ్ళకు రాదు. 2019 జులై చివర సియోల్ గ్వనాక్ ప్రాంతంలో ఒక తల్లి, ఆరేళ్ళ కొడుకు ఫ్లాటులో చనిపోయి కనిపించారు. ఆకలిచావన్న అనుమానం. తిండి పారబోసే నగరంలో ఇది జరిగింది.

మోసాల విషయానికొస్తే, గొలుసుకట్టు వ్యాపారాలు వీళ్ళనే ముందు వెతుక్కుంటూ వస్తాయి. ‘నీ బ్యాంకు ఖాతా నెల రోజులు వాడుకుంటా’ అనేవాడికి ఖాతా ఇస్తే కేసు ఖాతాదారుడి మీదే పడుతుంది.

రెండు చోట్లా ఒకే భాష కదా, మాట్లాడటానికి ఇబ్బందేంటి?

యాస వినగానే పట్టేస్తారు, ఉద్యోగం ఫోన్‌లోనే పోతుంది. మాటల అర్థాలూ వేరు. ‘ఇలొప్తా’ అంటే ఉత్తరాన ‘ఫరవాలేదు’. సియోల్‌లో అదే మాట ‘నాకక్కర్లేదు, పో’ అన్నట్టు తగులుతుంది. పక్కింటావిడ ఏమైనా కావాలా అని మర్యాదగా అడిగితే, ఈవిడ అంతే మర్యాదగా ‘ఇలొప్తా’ అంటుంది, మళ్ళీ ఆవిడ పలకరించదు. దీనికి తోడు సియోల్ కొరియన్ నిండా ఇంగ్లిష్ మాటలు. బోర్డు మీద కొరియన్ అక్షరాలే ఉంటాయి, చదివినా అర్థం కాదు.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు డబ్బు పంపగలరా?

పంపుతారు, హవాలా పద్ధతిలోనే. సియోల్ నుంచి చైనా ఖాతాకు వేస్తే, అవతల వ్యాపారి తన దగ్గరున్న నగదు ఇంటికి చేరుస్తాడు. మధ్యవర్తులకు 30 శాతం పోవడం మామూలు, ఈమధ్య ఇంకా ఎక్కువ. ముట్టిందో లేదో తెలియాలంటే, ఇంట్లోవాళ్ళు సరిహద్దు దగ్గరికొచ్చి చైనా సిగ్నల్ అందే ఫోన్‌లో మాట్లాడాలి. ఫోన్‌ను పసిగట్టే యంత్రాలు ఉంటాయి కాబట్టి కొద్ది నిమిషాల్లో ముగించాలి. దక్షిణ కొరియా చట్టం ప్రకారం కూడా ఇది సక్రమం కాదు. ఏళ్ళపాటు చూసీచూడనట్టు వదిలేశారు, 2023 నుంచి కేసులు పెడుతున్నారు.

చైనాలో పుట్టిన పిల్లల పరిస్థితి ఏంటి?

తల్లికి కాగితాలు లేకపోతే చైనాలో పిల్లల నమోదే కష్టం. తల్లితో పాటు సియోల్ వచ్చాక పౌరసత్వం దొరుకుతుంది గానీ, చట్టం వాళ్ళను ‘ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళు’గా లెక్కించదు. కాబట్టి కాలేజీ ప్రత్యేక కోటా లాంటివి చాలా ఏళ్ళు అందలేదు. ఇంట్లో చైనీస్, బడిలో కొరియన్.

వాళ్ళ కథల్లో అబద్ధాలు బయటపడ్డాయిగా, ఇంక ఎలా నమ్మాలి?

14వ శిబిరం నుంచి తప్పించుకున్నట్టు ప్రపంచమంతా తెలిసిన షిన్ డాంగ్‌హ్యుక్ 2015 జనవరిలో తన కథలో కొన్ని సంఘటనల చోటు, కాలం తప్పని ఒప్పుకున్నాడు. కొన్ని 18వ శిబిరంలో జరిగాయని, చిత్రహింస 13 ఏళ్ళప్పుడు కాదు 20 ఏళ్ళప్పుడని చెప్పాడు. ఒంటిమీద మచ్చలు మాత్రం వైద్యులు చూసినవే. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం ఒక్కరి మాట మీద ఆధారపడలేదు. 80 మందికి పైగా సాక్షులు బహిరంగంగా మాట్లాడారు, 240కి పైగా రహస్య ఇంటర్వ్యూలు జరిగాయి. ఏది స్వయంగా చూశారు, ఏది విన్నారు అని విడదీసి చదివితే చాలావరకు తేలిపోతుంది. టీవీ షోలు కన్నీటి కథకు ఎక్కువ డబ్బిచ్చే చోట కథ పెరగడంలో వింతేముంది?

మన దేశానికి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?

శిబిరాల నుంచి కాదు, యుద్ధం నుంచి. కొరియా యుద్ధం ముగిశాక, సొంత దేశానికి తిరిగి వెళ్ళబోమన్న యుద్ధఖైదీల బాధ్యత చూసిన తటస్థ దేశాల సంఘానికి భారత సైన్యానికి చెందిన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. ఉత్తరమూ దక్షిణమూ రెండూ వద్దన్న 88 మంది, వాళ్ళలో కొందరు చైనీయులు, 1954లో ఓడెక్కి భారతదేశానికి వచ్చారు. చాలామంది తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా వెళ్ళారు.

ఇలాంటి వాళ్ళను ఇంటర్వ్యూ చేయాలన్నా, వాళ్ళ మాటలు అనువదించాలన్నా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

అసలు పేరు, పుట్టిన ఊరు, దాటిన తేదీ మూడూ ఒకేచోట రాయకూడదు. ఆ మూడింటితో వెనకున్న కుటుంబాన్ని బోవిబు పట్టేయగలదు. ఫోటో వెనక కిటికీలోంచి కనిపించే అపార్ట్‌మెంట్ నంబరు కూడా చూసుకోవాలి. దారిలో సాయం చేసినవాళ్ళ వివరాలు అసలే వద్దు, ఆ దారిలో ఇంకొకరు నడవాల్సి ఉంటుంది. మాట్లాడే ముందు ఎంతసేపో చెప్పండి, తలుపు వైపు కుర్చీ వాళ్ళకివ్వండి, ఎప్పుడైనా ఆపొచ్చని ముందే చెప్పండి. ప్రచురించే ముందు చదివి వినిపించి, తీసేయమన్న వాక్యం తీసేయండి.